పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సిద్ధాంతాన్ని గుర్తుపట్టడం ఎలా?

నీలిచుక్క:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక జంట నక్షత్రం మీద నా పని. ఒకదానికి ఒకటి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది, అంటే గ్రహణం. రెండేళ్ల పరిశీలనలు చేతిలో ఉన్నాయి. మొదట్లో గ్రహణాలు లెక్క ప్రకారమే వచ్చాయి. తర్వాత కొన్ని నిమిషాలు ఆలస్యం అవడం మొదలైంది. "మూడో నక్షత్రం ఒకటి ఉందనుకో, సరిపోతుంది" అన్నారు మా గైడ్. నిజంగానే సరిపోయింది. నా టెన్షన్ అంతా అదే. తేడా వచ్చినప్పుడల్లా కనిపించని నక్షత్రాన్ని ఒకదాన్ని చేర్చుకుంటూ పోతే నా మోడల్ ఎప్పటికీ తప్పు కాదు కదా?

ఈ మధ్యే గెలీలియో గురించి చదివాను. 1610లో ఆయన టెలిస్కోపుతో చూసి చంద్రుడి మీద కొండలు, లోయలు ఉన్నాయని ప్రకటించాడు. ఆకాశంలోని గోళాలు నున్నగా, లోపం లేకుండా ఉంటాయని నమ్మినవాళ్లకు అది మింగుడు పడలేదు. లుడోవికో డెల్లె కొలొంబె అనే పండితుడు ఒక ఉపాయం చెప్పాడు. ఆ లోయలన్నిటినీ కంటికి కనపడని స్ఫటికం నింపేసిందట, కాబట్టి చంద్రుడు ఇప్పటికీ నున్నని గోళమేనట. దానికి గెలీలియో, "సరే ఒప్పుకుంటాను, కానీ ఆ స్ఫటికంతోనే ఇప్పుడు కనిపించే వాటికంటే పదింతలు ఎత్తయిన కొండలు కూడా అక్కడ ఉన్నాయని నేనంటాను, మీరు ఒప్పుకోవాలి" అన్నాడు.

నా మూడో నక్షత్రం కూడా ఆ స్ఫటికం లాంటిదేనా? తేడా ఎలా తెలుస్తుంది?

పాతలెక్కలు:
మంచి ప్రశ్న. దీనికి కార్ల్ పాపర్ అనే తత్వవేత్త ఎప్పుడో జవాబు చెప్పాడు. 1919లో వియన్నాలో ఆయన కుర్రాడు. చుట్టూ ఫ్రాయిడ్, అడ్లర్‌ల మనస్తత్వ సిద్ధాంతాల సందడి. ఆయన ఒక ఉదాహరణ ఇస్తాడు. ఒకడు పసివాణ్ని ముంచేయాలని నీళ్లలోకి తోస్తాడు. ఇంకొకడు ఆ పసివాణ్ని కాపాడటానికి ప్రాణం ఇస్తాడు. ఈ రెండు పనులనూ ఫ్రాయిడ్ సిద్ధాంతం వివరిస్తుంది, అడ్లర్ సిద్ధాంతమూ వివరిస్తుంది. మనిషి ఏం చేసినా వాటికి సమాధానం దొరుకుతుంది. అది బలంలా కనిపిస్తుంది కానీ బలహీనత అదే అని పాపర్ గ్రహించాడు.

అదే 1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి అంచు పక్కగా వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టైన్ ముందే చెప్పి ఉన్నాడు. న్యూటన్ లెక్కతో అందులో సగమే వస్తుంది. ఎడింగ్టన్ బృందం ప్రిన్సిపే దీవికి వెళ్లింది, ఇంకో బృందం బ్రెజిల్‌లోని సొబ్రాల్‌కు వెళ్లింది. అంకె వేరుగా వచ్చి ఉంటే ఐన్‌స్టైన్‌కు దాక్కునే చోటు లేదు. ఏం జరిగితే నా మాట తప్పో ముందే చెప్పగలిగితేనే అది సైన్స్. పరిశీలనతో పొసగనప్పుడు సిద్ధాంతాన్ని వదిలేయాలి, అతుకులు వేయకూడదు. మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే.

దూరదర్శిని:
పాతలెక్కలు గారూ, మీరు చెప్పినదాన్ని అక్షరాలా పాటిస్తే 1840ల్లోనే న్యూటన్‌ను చెత్తబుట్టలో వేయాల్సి వచ్చేది. కాస్త వివరంగా రాస్తాను, నాకు చాలా ఇష్టమైన కథ ఇది.

యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. తర్వాతి దశాబ్దాల్లో అది న్యూటన్ లెక్క ప్రకారం నడవలేదు. పరిశీలనకూ సిద్ధాంతానికీ పొసగలేదు. న్యూటన్‌ను వదిలేశారా? లేదు. ఫ్రాన్స్‌లో లెవెరియే అనే గణితజ్ఞుడు, యురేనస్ అవతల ఇంకో గ్రహం ఉండి లాగుతోంది అన్నాడు. అప్పటికి ఎవరూ చూడని గ్రహం. అతుకు కాక మరేమిటి? కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఆకాశంలో ఫలానా చోట చూడండి అని లెక్కకట్టి బెర్లిన్ అబ్జర్వేటరీకి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే గాలె టెలిస్కోపు తిప్పాడు. చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ దూరంలోపే నెప్ట్యూన్ దొరికింది.

ఇప్పుడు అదే మనిషి, అదే ఉపాయం, ఇంకో గ్రహం. బుధుడి కక్ష్య కూడా కొద్దికొద్దిగా లెక్క తప్పుతోందని లెవెరియే 1859లో చూపించాడు. మిగతా గ్రహాల ఆకర్షణంతా తీసేశాక కూడా వందేళ్లకు దాదాపు 43 ఆర్క్ సెకన్ల తేడా మిగిలిపోతుంది (ఇది తర్వాత సరిచేసిన అంకె, ఆయన కట్టినది ఇంకాస్త తక్కువ). సూర్యుడికీ బుధుడికీ మధ్య ఇంకో గ్రహం ఉందన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. లెస్కార్బో అనే పల్లెటూరి డాక్టరు దాన్ని చూశానన్నాడు, లెవెరియే నమ్మాడు. 1878 గ్రహణంలో కూడా చూశామని ఇద్దరు ఖగోళ పరిశీలకులు ప్రకటించారు. కానీ అది ఎవరికీ మళ్లీ దొరకలేదు, ఎందుకంటే అక్కడ గ్రహమే లేదు. ఆ 43 ఆర్క్ సెకన్లకు జవాబు 1915 నవంబరులో ఐన్‌స్టైన్ కొత్త గురుత్వ సిద్ధాంతం నుంచి వచ్చింది.

ఒకచోట అతుకు గెలిచింది, ఒకచోట ఓడింది. రెండూ అతుకులే. అందుకే అతుకు వేయడమే తప్పు అనే మాట నాకు మింగుడు పడదు.

అక్షరాలపురుగు:
అంటే ఫలితం వచ్చాకే తెలుస్తుందా ఏది మంచి అతుకో? అలాగైతే నీలిచుక్క గారి ప్రశ్నకు ఈ కథ వల్ల ఉపయోగం ఏముంది? ఆవిడకు ఇప్పుడు తెలియాలి.

దూరదర్శిని:
ఇప్పుడే తెలుస్తుంది. నెప్ట్యూన్, వల్కన్ రెండూ వేసిన రోజున మంచి అతుకులే. రెండూ ఎక్కడ చూడాలో చెప్పాయి. అక్కడ చూస్తే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. వల్కన్ దొరకలేదు, ఓడిపోయింది. ఆ ఓటమిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. "వల్కన్ ఉంది కానీ కాంతిని తనలోంచి పోనిచ్చే పదార్థంతో తయారైంది, అందుకే కనపడదు" అని ఎవరైనా అనుంటే అప్పుడది చంద్రుడి మీది స్ఫటికం అయ్యేది.

స్ఫటికాన్ని ఎక్కడ వెతకాలి? ఎలా వెతకాలి? కొలొంబె చెప్పలేదు, చెప్పే వీలు లేకుండానే దాన్ని తయారుచేశాడు. నాకు కనిపించే తేడా అదే.

ల్యాబ్‌కోటు:
నా అనుభవం ఒకటి చెప్తాను. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక పదార్థం విద్యుత్ నిరోధం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో మోడల్ కడుతున్నాను. నాలుగు పరామితులతో (కొలతలకు సరిపోయేలా మనం సర్దుకునే అంకెలు) మొదలుపెట్టాను. ఒక నమూనా గీత మీదికి రాలేదు, ఐదోది చేర్చాను. ఇంకోటి రాలేదు, ఆరోది. చివరికి తొమ్మిది. గ్రాఫు అద్దంలా వచ్చింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తర్వాత కొత్త నమూనా తయారుచేసి కొలిస్తే మోడల్ చెప్పినదానికీ వచ్చినదానికీ సంబంధమే లేదు. నేను పదార్థాన్ని అర్థం చేసుకోలేదు, పాత కొలతల్లో ఉన్న గజిబిజిని బట్టీపట్టాను. ఏడాది పని పోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

1953లో ఫ్రీమన్ డైసన్ అనే భౌతికశాస్త్రవేత్త తన బృందం లెక్కలు పట్టుకుని షికాగోలో మరో పేరున్న భౌతికశాస్త్రవేత్త ఫెర్మీ దగ్గరికి వెళ్లాడు. లెక్కలు ప్రయోగంతో బాగానే సరిపోయాయి. ఎన్ని పరామితులు వాడారు అని ఫెర్మీ అడిగాడు. నాలుగు అన్నాడు డైసన్. నాలుగు పరామితులుంటే ఏనుగు బొమ్మ గీసేయొచ్చు, ఐదోది ఇస్తే తొండం కూడా ఆడించొచ్చు అని మా మిత్రుడు వాన్ నాయ్‌మన్ అనేవాడు అని ఫెర్మీ జవాబిచ్చాడు. డైసన్ ఆ దారి మానేశాడు. నాకు ఆ మాట రెండేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పాతలెక్కలు:
దూరదర్శిని గారి మాటతో నేను మొదట రాసింది సరిచేసుకుంటున్నాను. నిజానికి మీకు ఎదురు ఉదాహరణగా ఈథర్ (కాంతి అలలను మోసే మాధ్యమం అని అప్పట్లో నమ్మినది) కథ రాయబోయాను. 1887లో మైకెల్సన్, మోర్లీ ఈథర్‌లో భూమి కదలికను పట్టుకోవాలని ప్రయోగం చేశారు, అనుకున్న తేడా కనపడలేదు. అప్పుడు ఫిట్జ్‌గెరాల్డ్ 1889లో, లోరెంజ్ 1892లో, కదిలే వస్తువు కదిలే దిశలో కొంచెం కుదించుకుపోతుంది, అందుకే తేడా కనపడలేదు అన్నారు. చేతికి చిక్కకుండా తప్పించుకునే అతుక్కి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదని చాలా ఏళ్లు నమ్మాను. పాపర్ కూడా మొదట అలాగే రాశాడు.

కానీ అది పరీక్షకు నిలబడే మాటే. పరికరంలో కాంతి వెళ్లివచ్చే చేతులు రెండూ వేర్వేరు పొడవులో ఉంచి, నెలల తరబడి గమనిస్తే ఆ కుదింపు ఒక్కటే సరిపోతుందో లేదో తెలుస్తుంది. కెనెడీ, థార్న్‌డైక్ 1932లో అదే చేశారు. కుదింపు ఒక్కటే సరిపోదని తేలింది. గ్రున్‌బౌమ్ అనే తత్వవేత్త ఈ సంగతి ఎత్తిచూపితే పాపర్ ఒప్పుకున్నాడు. తన సిద్ధాంతాన్ని తానే సరిచేసుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

బయాలజీ మాస్టారు:
పాపర్ ఒప్పుకున్న సందర్భం ఇంకొకటి ఉంది. డార్విన్ చెప్పిన సహజవరణాన్ని (తగినవే బతికి నిలుస్తాయనే ఆలోచన) పరీక్షించలేమని, అది సైన్స్ కంటే తాత్విక పరిశోధనకు చట్రం లాంటిదని ఆయన 1974లో రాశాడు. బతికినవాటినే తగినవి అంటున్నాం కదా, అది చుట్టుతిరుగుడు మాట అని ఆయన అనుమానం. 1978లో అచ్చయిన వ్యాసంలో ఆ అభిప్రాయం మార్చుకున్నానని చెప్పాడు.

శీర్షికలో కుందేలు ఉంది కాబట్టి చెప్తున్నా, మా సబ్జెక్టులోనూ ఒక కుందేలు ఉంది. పరిణామ సిద్ధాంతం ఏం చూస్తే తప్పని ఒప్పుకుంటారు అని అడిగితే ప్రీకేంబ్రియన్ (కుందేళ్లు పుట్టడానికి ఎంతో ముందటి కాలం) రాళ్లలో కుందేలు శిలాజం అని జీవశాస్త్రవేత్త హాల్డేన్ చెప్పాడని అంటారు. క్లాసులో పిల్లలకు ఈ మాట చెప్తే కళ్లు పెద్దవవుతాయి. అంతకంటే నాకు టిక్టాలిక్ అనే శిలాజం ఇష్టం. చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ మధ్య జీవి ఉండాలంటే సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి, లోతులేని నీళ్లలో పేరుకున్న రాళ్లలో ఉండాలి. అలాంటి రాళ్లు ఎక్కడ బయటపడి ఉన్నాయో మ్యాపు చూసి, కెనడా ఆర్కిటిక్‌లోని ఎల్స్‌మియర్ దీవికి పరిశోధకులు వెళ్లారు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లారు. 2004లో దొరికింది. మెడ ఉన్న చేప, రెక్కలో మణికట్టు లాంటి ఎముకలు.

అక్షరాలపురుగు:
మాస్టారూ, 2010లో పోలండ్‌లో అంతకంటే పాత, దాదాపు 39 కోట్ల ఏళ్ల నాటి కాలిముద్రలు దొరికాయి కదా. అంటే టిక్టాలిక్ కంటే ముందే నాలుగు కాళ్లవి నడిచాయి. అప్పుడు సిద్ధాంతాన్ని సర్దుకున్నారా లేదా?

బయాలజీ మాస్టారు:
సర్దుకున్నారు, ఆ మాట నేనే చెప్పి ఉండాల్సింది. ఆ ముద్రలు చేపలు చేసినవేమో అని ఇంకా వాదించేవాళ్లున్నారు, చాలామంది మాత్రం కాలక్రమం వెనక్కి జరపాలని ఒప్పుకుంటున్నారు. టిక్టాలిక్ అప్పుడు తాత కాదు, ఆ కాలం దాకా మిగిలిన పెదతాత వంశం అవుతుంది. కానీ జరిపినదాని వల్ల కొత్త బాధ్యత మీద పడింది. అంత పాత రాళ్లలో ఎముకలు కూడా దొరకాలి. దొరక్కపోతే ముద్రల మీద అనుమానం పెరుగుతుంది. ఇక కుందేలు సంగతి, అది కొన్ని కోట్ల ఏళ్ల సర్దుబాటు కాదు. ప్రీకేంబ్రియన్ ముగిసి 50 కోట్ల ఏళ్లు దాటింది. దాన్ని ఏ అతుకూ మోయలేదు.

గంటస్తంభం:
పాత కథలు బాగున్నాయి కానీ నేటి భౌతికశాస్త్రం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. సూపర్‌సిమెట్రీ చూడండి. ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉందన్నారు. ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం) మొదలవగానే దొరుకుతాయన్నారు. 2012లో హిగ్స్ కణం దొరికింది, జోడీలు దొరకలేదు. ఇంకా బరువుగా ఉంటాయన్నారు. మళ్లీ వెతికారు, లేవు. ఇంకా బరువు. దీనికీ స్ఫటికానికీ తేడా చెప్పండి. స్ట్రింగ్ సిద్ధాంతమైతే (కణాలన్నీ సన్నటి తీగల కంపనాలే అనే ఆలోచన) ఒకటి పక్కన 500 సున్నాలంత సంఖ్యలో విశ్వాలకు చోటిస్తుందని చెప్తారు. ఏ విశ్వం కనిపించినా ఆ జాబితాలో ఉంటుంది. ఇన్నేళ్ల తెలివి, ఇంత మంది యువకుల జీవితాలు ఇందులో పోశారు. నాకు నిజంగా బాధగా ఉంది.

సొరంగం27:
మీ బాధ నాకు అర్థమవుతుంది, నేను ఆ రంగంలోనే పనిచేస్తున్నాను. రెండు విషయాలు చెప్పనివ్వండి.

సూపర్‌సిమెట్రీ ఒక సిద్ధాంతం కాదు, ఒక కుటుంబం. అందులో ఒక్కో మోడల్ తప్పని తేలుతూనే ఉంది, అవి శుభ్రంగా చనిపోయాయి. దాని బంధువు కథ చూడండి. 1974లో జార్జి, గ్లాషో మూడు బలాలను కలిపే ఒక సిద్ధాంతం ఇచ్చారు. అది నిజమైతే ప్రోటాన్ శాశ్వతం కాదు, ఎప్పుడో విరిగిపోవాలి. ఎంత కాలానికో కూడా అంకె ఇచ్చింది. 1980ల్లో భూగర్భంలో పెద్ద పెద్ద నీటి ట్యాంకులు కట్టి కాపలా కాశారు. ప్రోటాన్ విరగలేదు. జపాన్‌లోని సూపర్ కామియోకాండేలో 50,000 టన్నుల నీటిలో ఇప్పటికీ చూస్తున్నారు. ప్రోటాన్ ఆయుష్షు, కనీసం అది కొన్ని రకాలుగా విరిగే విషయంలో, ఒకటి పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్ల కంటే ఎక్కువ. ఆ అందమైన తొలి సిద్ధాంతం పోయింది. ఎవరూ దాన్ని పట్టుకుని వేలాడలేదు.

రెండోది మీ వైపు మాట. కుటుంబం మొత్తాన్ని చంపే ప్రయోగం లేదు, అది నిజం. కానీ బరువు పెంచినప్పుడల్లా ఒక ధర చెల్లించాలి. హిగ్స్ కణం బరువు అంత తక్కువగా ఎందుకుందో వివరించడానికే మాలో చాలామంది ఈ జోడీలను కోరుకున్నాం. జోడీలు బరువెక్కే కొద్దీ ఆ వివరణ బలహీనపడుతుంది. ఏ పనికి పిలిచామో ఆ పనే చేయలేకపోతే ఎందుకు ఉంచుకోవాలి? నా సహచరులు చాలామంది వేరే దారులకు మళ్లారు. ఏ ఒక్క ప్రయోగమూ తీర్పు చెప్పలేదు, మాకే ఆసక్తి సన్నగిల్లింది. స్ట్రింగ్ విషయంలో మీతో వాదించను.

పాతలెక్కలు:
ఇమ్రె లకటోష్ అనే తత్వవేత్త చెప్పింది ఇదే. ప్రతి పరిశోధన కార్యక్రమానికీ మధ్యలో వదలని గట్టి గింజ, చుట్టూ మార్చుకునే రక్షణ కవచం ఉంటాయి. కవచాన్ని మార్చడం తప్పు కాదు. మార్చిన ప్రతిసారీ కొత్త విషయం ముందుగా చెప్పగలిగితే అది ఎదుగుతోంది. జరిగిపోయినదాన్ని సమర్థించడానికే మారుస్తుంటే క్షీణిస్తోంది.

నీలిచుక్క:
మరి డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనపడకుండా గురుత్వంతో లాగుతుందనే పదార్థం, నెప్ట్యూనా, వల్కనా?

దూరదర్శిని:
నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోని వాళ్లు ఇక్కడే ఉంటారు. 1933లో జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త, కోమా గుంపులోని గెలాక్సీలు అక్కడ కనిపించే పదార్థం లెక్కకు మించి మరీ వేగంగా తిరుగుతున్నాయని చూశాడు. 1970ల్లో వెరా రూబిన్, ఆమె సహచరులు గెలాక్సీల అంచుల్లోనూ వేగం తగ్గట్లేదని చూపించారు. కనిపించని పదార్థం ఉందనడం అప్పటికి అతుకే. కానీ తర్వాత దానితో సంబంధం లేని చోట్ల కూడా అదే లెక్క పనికొచ్చింది. విశ్వం తొలికాంతిలోని హెచ్చుతగ్గుల లెక్కకు అది కావాలి. 2006లో బుల్లెట్ క్లస్టర్‌లో రెండు గెలాక్సీ గుంపులు ఢీకొన్న చోట వాయువు మధ్యలో చిక్కుకుపోయింది, కాంతిని వంచే ద్రవ్యరాశి మాత్రం గెలాక్సీలతో పాటు ముందుకు వెళ్లిపోయింది. ఇది నెప్ట్యూన్ వైపు మొగ్గే సాక్ష్యం.

కానీ ఆ కణం ఏమిటనే దగ్గర మాత్రం నాకు ఇబ్బందిగానే ఉంది. భూగర్భ డిటెక్టర్లలో ఇన్నేళ్లుగా ఏమీ పడలేదు, ప్రతిసారీ ఇంకా బలహీనంగా స్పందిస్తుందని సర్దుకుంటున్నారు. మరోవైపు మిల్‌గ్రోమ్ 1983లో గురుత్వాన్నే మార్చాలన్నాడు. మసకగా ఉండే గెలాక్సీలు ఎలా తిరుగుతాయో ఆ ఆలోచన ముందే బాగా చెప్పింది. కానీ గెలాక్సీ గుంపుల దగ్గర దానికీ అదనపు పదార్థం కావాల్సి వస్తోంది. న్యూట్రినో అనే కణాన్ని పౌలి 1930లో ఊహిస్తే, రైన్స్, కవాన్ ప్రయోగంలో 1956లో దొరికింది. 26 ఏళ్లు. కాబట్టి ఆలస్యం ఒక్కటే నేరం కాదు.

ఇక మీ నక్షత్రం. మూడో నక్షత్రం ఉంటే దాని ఆకర్షణకు మీ జంట మొత్తం ఊగుతుంది. మనకు దూరంగా జరిగినప్పుడు కాంతి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆలస్యం అందుకే. అలాగైతే ప్రధాన గ్రహణం (వెలుగు ఎక్కువ తగ్గేది), రెండో గ్రహణం (తక్కువ తగ్గేది) రెండూ ఒకేలా ఆలస్యం కావాలి. జంట కక్ష్య కోడిగుడ్డులా ఉండి అదే నెమ్మదిగా తిరుగుతుంటే, ఒకటి ఆలస్యమైనప్పుడు ఇంకొకటి ముందుకు రావాలి. రెండో గ్రహణాల సమయాలు కొలిచారా?

నీలిచుక్క:
లేదు! ప్రధాన గ్రహణాలే కొలిచాను. రెండోవి చాలా చిన్నవి, వదిలేశాను. డేటాలో ఉన్నాయి.

ల్యాబ్‌కోటు:
అయితే తెరవకముందే రాసిపెట్టండి. ఏం వస్తే మూడో నక్షత్రాన్ని వదిలేస్తారో తారీఖు వేసి ఇంకొకరికి ఇవ్వండి. ఎందుకు చెప్తున్నానంటే, "మనోనిగ్రహం వాడితే ఖర్చయిపోతుంది" అనే సిద్ధాంతం 1998 నుంచి ఎన్నో ప్రయోగాల్లో నెగ్గింది. 2016లో 23 ప్రయోగశాలలు, 2,000 మందికి పైగా మనుషులు, పద్ధతి ముందే రాసిపెట్టుకుని చేస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. అప్పుడు సమర్థకులు, ఎంచుకున్న పనే సరైనది కాదన్నారు. ముందే అని ఉంటే విలువ ఉండేది.

నీలిచుక్క:
ఇదిగో రాస్తున్నాను. రెండో గ్రహణాలు ప్రధాన గ్రహణాలతో పాటు ఒకే దిశలో, దాదాపు అంతే ఆలస్యం కావాలి. వ్యతిరేక దిశలో జరిగితే మూడో నక్షత్రాన్ని తీసేస్తాను. కొలతలోని పొరపాటు కంటే తేడా తక్కువుంటే ఏమీ తేలలేదని రాస్తాను, మూడో నక్షత్రం ఉందని రాయను. మా గైడ్‌కు కూడా ఇదే పంపాను. "మంచిది, కొలువు" అన్నారు.

నీలిచుక్క (తొమ్మిది రోజుల తర్వాత):
కొలిచాను. రెండో గ్రహణాలు ఆలస్యం కాలేదు. ముందుకు వచ్చాయి. మూడో నక్షత్రం ఉన్న అధ్యాయం తీసేశాను, 14 పేజీలు. కక్ష్య తిరుగుతోందనే లెక్క మొదలుపెట్టాను. అది నిజమైతే వచ్చే ఏడాది ఈ రెండు గ్రహణాల మధ్య ఎడం ఇంకా ఎంత మారాలో కట్టి, ఆ అంకె కూడా ఇక్కడే పెడతాను.

దూరదర్శిని:
పెట్టండి. నా దగ్గర చిన్న టెలిస్కోపు ఉంది. నక్షత్రం ప్రకాశం ఎంతో చెప్తే నేను కూడా కొలుస్తాను.